పునరుజ్జీవనము, మతసంస్కరణము, మన తెలుగు

మా జగ్గయ్యపేటలోని ఒక ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించు మిత్రులొకరు ఇటీవల నాయొద్దకు వచ్చి తమ మనసులోని చిక్కు చెప్పికొనిరి. ఐరోపాలోని సాంస్కృతిక పునరుజ్జీవనమును, మతసంస్కరణోద్యమమును గూర్చి పాఠము చెప్పుచుండగా వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, "మాస్టారూ, ఎక్కడో ఇటలీలో బొమ్మలు చెక్కారు. ఎక్కడో జర్మనీలో చర్చి తలుపుకు కాగితం అంటించారు. దానికీ మన పేటకీ ఏం సంబంధమండీ?" అని అడిగెనట. తరగతి యంతయు నవ్వినదట. "పరీక్షలో వస్తుంది, అదే సంబంధం, కూర్చో" అని మా మిత్రులు గద్దించిరట. "గద్దించానే గాని జవాబు నాకూ తెలియదండీ. మీరైనా చెప్పండి" అని ఆయన నన్ను నిలదీసిరి.

నేను తెలుగు చెప్పువాడను. చరిత్ర నా విద్య కాదు. అయినను ఆ ప్రశ్న తెలుగు పంతులును అడుగదగినదే యని నాకు తోచినది. ఏలయన ఆ రెండు ఉద్యమముల కథలోను లోతునకు పోయి చూచినచో భాష కథ కనబడును. ఆ కథలోని కొమ్మ యొకటి మన తెలుగు వాకిటికే వచ్చినది. నాకు తెలిసినంతలో ఆ బాలునికి సమాధానము చెప్ప యత్నించెదను.

త్రవ్వి తీసిన రాయి, త్రవ్వి తీసిన గ్రంథము

పునరుజ్జీవనమనగా మాసిపోయినది మరల ప్రాణము పోసికొనుట. 14వ శతాబ్దిలో ఇటలీ కవి పెట్రార్కు మఠముల గ్రంథాలయములలో దుమ్ముపట్టియున్న ప్రాచీన లాటిను గ్రంథములను వెదకి వెదకి సేకరించెను. పండితులు పాత పుస్తకములను వెదకినట్లే శిల్పులు పాత రాళ్లను వెదకిరి. 1506 జనవరిలో రోమునగరమున ఒక ద్రాక్షతోట త్రవ్వుచుండగా, సర్పములు చుట్టుకొనగా ఇద్దరు కుమారులతో కూడ పెనుగులాడుచున్న లవొకూను విగ్రహము బయటపడెను. వార్త వినినంతనే మైకెలాంజెలో పోయి దానిని చూచెను. రెండేండ్లకు ఆయన సిస్టైను ప్రార్థనాలయపు పైకప్పుమీద చిత్రములు వ్రాయ మొదలిడి, 1512లో ముగించెను. మనుష్య దేహమునందలి బలమును, బాధను, ఠీవిని ఆ కాలపు చిత్రకారులు పాత రాళ్లయొద్ద నేర్చికొనిరి.

ఆ రోములోనే మఱియొక పని కూడ జరుగుచుండెను. ప్రాచీన పాలరాతి శిల్పములను జనులు తరతరములుగా బట్టీలలో కాల్చి, గోడలు కట్టుకొనుటకు సున్నము చేసికొనుచుండిరి. 1515లో పోపు పదవ లియో ప్రాచీన శిలల పరిరక్షణ భారమును చిత్రకారుడు రాఫెల్‌కు అప్పగించెను. పోపునకు వ్రాసిన లేఖలో రాఫెల్ ఈ సున్నపు బట్టీలను గూర్చి వాపోయెను. పాఠకులు ఈ బట్టీల సంగతి గుర్తుంచుకొనవలెను. కథ చివర దీనితో మనకు పని పడును.

రాళ్ల విషయమున జరిగినదే మతగ్రంథ విషయమునను జరిగెను. పశ్చిమ ఐరోపాలో వేయేండ్లకు పైగా చర్చిలో చదువబడుచుండినది లాటిను బైబిలు. 1516లో ఎరాస్మస్ అను పండితుడు నూతన నిబంధనకు గ్రీకు మూలమును సంస్కరించి బాసెలు నగరమున అచ్చు వేయించెను. శిల్పి మట్టి త్రవ్వి మూలరూపమును చూచినట్లే పండితుడు అనువాదపు పొరలు త్రవ్వి మూలపాఠమును చూచెను. ఈ ఎరాస్మస్ గ్రంథమును ముందుంచుకొని బైబిలు చదివినవారిలో మార్టిన్ లూథర్ ఒకడు. పాఠ్యపుస్తకములలో రెండు వేఱు శీర్షికల క్రింద ఉండుటచేత పునరుజ్జీవనము వేఱు, మతసంస్కరణము వేఱు అని విద్యార్థులు తలంతురు. రెండును ఒక పలుగుతో త్రవ్విన గోతులే.

ఆ రెండును ఒకదానితోనొకటి ఢీకొనుట కూడ జరిగెను. 1506లో రోములో సెంటు పీటరు మహాలయ పునర్నిర్మాణము ప్రారంభమయ్యెను. దానికి డబ్బు కావలసివచ్చెను. ఆ డబ్బుకొఱకు పాపపరిహార పత్రముల విక్రయము సాగెను. జర్మనీలో ఆ విక్రయమునకు అధిపతి ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టు. పదవికొఱకు బ్యాంకు యజమానులైన ఫుగ్గరులయొద్ద ఆయన చేసిన అప్పునకు వచ్చిన డబ్బులో సగము పోవుచుండెను. తక్కిన సగము మహాలయమునకు చేరుచుండెను. లోకమంతయు చూచి మెచ్చుకొను గోపురముక్రింద పేదవాని కాసు కూడ ఉన్నదని చెప్పిన యెడల ఆ బాలునికి పాఠము మఱి మఱవు రాదు.

1517 అక్టోబరు 31వ తేదీని లూథర్ 95 ప్రతిపాదనలను వ్రాసి ఆ ఆల్బ్రెక్టునకే పంపెను. విటెన్‌బర్గు చర్చి తలుపునకు అంటించెనని లోకము చెప్పుకొనును. ఆ ప్రతిపాదనలు లాటినులో వ్రాసినవి. అవి లాటినులోనే నిలిచియున్నచో పండితుల వాదముగనే ముగిసియుండెడివి. జర్మను భాషలోనికి మాఱి, అచ్చుపడి, ఊరూర చదువబడుటచేత అవి ఉద్యమమైనవి.

ఏ భాషలో?

1521లో బహిష్కృతుడై వార్ట్‌బర్గు కోటలో దాగియున్నపుడు లూథర్ సుమారు పదునొకండు వారములలో నూతన నిబంధనను జర్మనులోనికి తెచ్చెను. 1522 సెప్టెంబరులో అది వెలువడెను. డిసెంబరు నాటికి రెండవ ముద్రణ అవసరమయ్యెను. చిత్రకారుడు క్రనాకు దానికి చెక్క అచ్చు బొమ్మలు సమకూర్చెను. సంపూర్ణ బైబిలు 1534లో వచ్చెను. అనువాదమును గూర్చి 1530లో ప్రకటించిన లేఖలో, ఇంటిలోని తల్లిని, వీథిలోని పిల్లలను, అంగడిలోని సామాన్యుని అడిగి వారి నోటిమాటను చూచి అనువదింపవలెనను అభిప్రాయమును లూథర్ వెల్లడించెను. లాటిను వాక్యమును అడిగి జర్మను వ్రాయరాదనుట ఆయన సిద్ధాంతము.

ఈ సంవత్సరములలోనే మన దేశమున ఏమి జరుగుచుండెనో చూతము. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీడును జయించి, కృష్ణ దాటి, మన నందిగామకు సమీపముననే యున్న కొండపల్లి దుర్గమును పట్టుకొనెను. ఆ కళింగ దండయాత్రలోనే బెజవాడలో విడిసి, పిమ్మట కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువును సేవించెను. హరివాసరమున ఉపవసించి నిద్రించిన రాయలకు స్వామి కలలో కనిపించి, సంస్కృతమున కావ్యములు వ్రాసిన నీవు ఇక తెలుగున నా కథ వ్రాయుమని ఆదేశించినట్లు ఆముక్తమాల్యద అవతారికలో కలదు.

రాయలు లూథర్‌ను ఎఱుగడు, లూథర్ రాయలను ఎఱుగడు. ఒకరి ప్రభావము మఱియొకరిమీద కలదని నేను చెప్పుట లేదు. కాని ఒకే దశాబ్దిలో ఇక్కడ రాజునకును, అక్కడ సన్న్యాసికిని, దేవుని కథను ఏ భాషలో చెప్పవలెనను ప్రశ్న ఎదురైనది. ఇద్దరును దేశభాషను ఎన్నుకొనిరి. అయితే ఒక భేదము కలదు. ఆముక్తమాల్యద తెలుగు కావ్యమే, తెలుగు గర్వింపదగిన కావ్యమే. కాని వ్యాఖ్యానము లేనిదే నావంటి వానికి కూడ అది కొఱుకుడు పడదు. అది భువనవిజయము కొఱకు పుట్టినది. లూథర్ పుస్తకము అంగడి కొఱకు పుట్టినది. కనుక ఏ భాషలో అను ప్రశ్న వెంటనే ఎవరికొఱకు అను మఱియొక ప్రశ్నను కూడ వేసికొనవలెను.

హాలే నగరమున తెలుగు అచ్చు

ఇక కొమ్మ మన వాకిటికి వచ్చిన కథ చెప్పెదను. ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టు నివసించినది హాలే నగరమున. విటెన్‌బర్గునకు అది దూరము కాదు. కాలక్రమమున ఆ హాలేయే లూథర్ మతస్థుల నగరమయ్యెను. 17వ శతాబ్ది చివర అక్కడ ఫ్రాంకె అను ఆచార్యుడు అనాథ బాలలకొఱకు శరణాలయమును, పాఠశాలలను, అచ్చుకూటమును నెలకొల్పెను. ఆ వాతావరణము నుండి బయలుదేరి జీగెన్‌బాల్గు, ప్లూచౌ అను ఇద్దరు యువకులు డెన్మార్కు రాజు పంపున 1706లో తరంగంబాడికి వచ్చిరి. వారు తమిళము నేర్చిరి. 1715లో తమిళ నూతన నిబంధన అక్కడ అచ్చుపడెను.

1719లో తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు చేరి, అక్కడి తెలుగువారిని చూచి తెలుగు నేర్చెను. 1728లో తెలుగు వ్యాకరణమొకటి వ్రాసెను. బైబిలును తెలుగులోనికి తెచ్చు పనిని 1732 నాటికి పూర్తిచేసెను. 1743లో స్వదేశమునకు మరలి హాలే నగరమున తెలుగు అక్షరములు పోతపోయించెను. 1746లో ఆ అక్షరములతో క్రైస్తవ ప్రశ్నోత్తరముల చిన్న పుస్తకము వెలువడెను. మోక్షమార్గమును గూర్చిన మఱియొక పుస్తకమును ఆ ఏటనే వచ్చెను. దాని పేరులో 'మార్గము' అను మాట లేదు, 'దోవ' అను మాట కలదు. అచ్చులో వెలువడిన మొట్టమొదటి తెలుగు పుస్తకములు ఇవియే యని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు.

లూథర్ 1546లో మరణించెను. సరిగా ఇన్నూరేండ్లకు, పాపపరిహార పత్రముల అధిపతి నివసించిన ఊరిలోనే, లూథర్ మార్గమును బోధించు పుస్తకము తెలుగు లిపిలో అచ్చుపడినది. తెలుగు అక్షరము మొదట సిరా పూసికొన్నది బెజవాడలో కాదు, మద్రాసులో కాదు, మతసంస్కరణము పుట్టిన గడ్డమీదనే. "మన పేటకీ దానికీ ఏం సంబంధమండీ?" అని అడిగిన బాలుడు తన చేతిలో పట్టుకొన్న తెలుగు వాచకమునకు పూర్వుడు అక్కడనే పుట్టెనని తెలిసికొనిన చాలును.

అయితే కథ అక్కడ ముగియలేదు. షుల్జ్ గారి తెలుగు బైబిలు అచ్చునకు నోచుకొనలేదు. వ్యాకరణము 1984లో గాని హాలేలో వెలుగు చూడలేదు. అచ్చైన పుస్తకములును తెలుగుదేశమున పెద్దగా వ్యాపింపలేదు. అచ్చుకూటము ఒక ఖండమున, చదువరులు మఱియొక ఖండమున! శ్రీరాంపురమున కేరీ గారి తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు నూతన నిబంధన 1818లోను వెలువడిన పిమ్మట గాని ఈ పని మన దేశమున ఊపందుకొనలేదు. పుస్తకము దేశభాషలో నుండుట చాలదు. అచ్చుపడుట చాలదు. దానిని చదువగల మనుష్యుడు ఉండవలెను. అతనిని తయారు చేయవలసినది ఎవరు?

చదువు ఎవరిది?

ఈ ప్రశ్న లూథర్‌కు కూడ ఎదురయ్యెను. 1524లో జర్మను నగరముల పాలకులకు ఆయన ఒక బహిరంగ లేఖ వ్రాసి, బాలురకే గాక బాలికలకును పాఠశాలలు పెట్టుమని కోరెను. ఇది ఉపాధ్యాయులు గర్వింపదగిన ఘట్టము. కాని వెంటనే 1525వ సంవత్సరమును గూర్చి కూడ చెప్పవలెను. సువార్తలోని స్వేచ్ఛను చదివిన రైతులు వెట్టినుండి విముక్తి కోరి తిరుగబడగా, అదే లూథర్ ప్రభువుల పక్షము వహించి వారిని అణచివేయుమని వ్రాసెను. యూదులను గూర్చి 1543లో ఆయన వ్రాసినది చదువుటకే వెగటు గొలుపును. జూరిచ్ నగరమున 1524లో సంస్కర్తలు చర్చిలలోని విగ్రహములను, చిత్రములను తొలగించిరి. ఒక తరము త్రవ్వి తీసిన కళను మఱియొక తరము పారవేయుట కూడ ఆ చరిత్రలోనిదే. 1618 నుండి 1648 వరకు ముప్పదేండ్లు సాగిన యుద్ధమున మతము పేరును ఒక కారణముగా జర్మనీ శ్మశానమైనది. వెలుగును మాత్రమే చెప్పి నీడను దాచినచో అది పాఠము కాదు, స్తోత్రమగును.

మన సీమలో ఆ ప్రశ్నకు సమాధానము మిషను పాఠశాలలయందు కొంత దొరకెను. 1841లో ఫాక్సు, నోబిలు దొరలు బందరు చేరిరి. 1842లో లూథరన్ మిషనరీ హయ్యరు గుంటూరు చేరెను. వారి ఉద్దేశము మతవ్యాప్తియే, అందులో దాపరికము లేదు. కాని ఆ బడులు తెఱచిన పిమ్మట, తరతరములుగా పలక ముట్టనీయబడని వాడల పిల్లలు పలక పట్టిరి.

దీని ఫలమెట్టిదో తెలిసికొనుటకు కృష్ణకు ఆవలి ఒడ్డున పుట్టిన ఒక్కరి పేరు చెప్పిన చాలును. గుఱ్ఱం జాషువ 1895లో వినుకొండలో జన్మించెను. గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయమున కొంతకాలము ఉపాధ్యాయుడుగా పనిచేసెను. అంటరానివాడని ఒకరు త్రోసివేయగా, పురాణగాథలు పద్యములుగా వ్రాయుచున్నాడని స్వమతస్థులలో కొందఱు ఆక్షేపించిరి. ఆయన ఇరువురకును లొంగలేదు. 1941లో గబ్బిలము వ్రాసి కాళిదాసు మేఘమును త్రవ్వి తీసి, ఆకలిగొన్న పేదవాని కన్నీటిని దానికి బదులుగా గబ్బిలముచేత మోయించెను. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. ప్రాచీన కావ్యరీతి, దేశభాష, పలక ముట్టరాదనబడిన కులమున పుట్టిన వాని గొంతు ఒకచోట కలిసినవి. పునరుజ్జీవనము, మతసంస్కరణము అను మాటలకు తెలుగులో ఇంతకంటె మంచి ఉదాహరణము నేనెఱుగను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకొనవలెను. ఈ వ్యాసమును నేను వ్రాయుచున్న భాష మా అమ్మ మాటలాడిన భాష కాదు. ఇంటిలోని తల్లిని అడిగి వ్రాయుమన్న మాటను మెచ్చుకొనుచునే నేను గ్రాంథికమున వ్రాయుచున్నాను! గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడినుండి మనకొఱకు పోరాడి 1940లో కన్నుమూసిరి. ఆయన వాదమే న్యాయమని నేను తరగతిలో ఏటేట చెప్పుదును, ఇంటికి వచ్చి 'చెప్పితిని' అని వ్రాయుదును. అలవాటును మాన్పుట సంస్కర్తలకే కష్టమైనది, నేనెంత?

మన బోడు

చివరకు మన పేటకు వత్తము. జగ్గయ్యపేట ఒకనాడు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తండ్రి జగ్గయ్యగారి పేర పేటను నిర్మించిరి. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ ఊరి చెంతనే ధనంబోడు అను గుట్ట కలదు. 1882లో జేమ్సు బర్జెసు దొర ఆ గుట్టమీది బౌద్ధస్తూపమును పరిశోధించెను. అక్కడ దొరకిన శిల్పములలో మాంధాత చక్రవర్తి ఫలకము సుప్రసిద్ధము. చక్రవర్తి చేయి పైకెత్తగా మేఘమునుండి చతురస్రపు నాణెములు వాన కురియుచుండును.

అక్కడి స్తంభములమీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరమున, అనగా క్రీస్తుశకము 3వ శతాబ్దిలో, చెక్కిన శాసనము కలదు. తూర్పు ద్వారమున ఐదు ఆయక స్తంభములను నిలిపినవాడు రాజు కాడు, శ్రేష్ఠి కాడు. అతడు సిద్ధార్థుడను శిల్పి, శిల్పి కుమారుడు. తన తల్లిని, భార్యను, బిడ్డలను ఆ పుణ్యమున కలుపుకొని, తన పేరు తానే రాతిమీద నిలుపుకొనెను. కళాకారుడు పేరుతో తలయెత్తి నిలుచుట ఇటలీ పునరుజ్జీవనపు విశేషమని మన పాఠములు చెప్పును. మన గుట్టమీద ఒక శిల్పి అంతకు వేయేండ్లకు పూర్వమే ఆ పని చేసెను. శాసన భాష సంస్కృతము కాదు, ప్రాకృతము. జనులకు తెలియు భాషలో ధర్మము చెప్పవలెనన్న బుద్ధుని మార్గమునకు ఆ రాయి సాక్షి.

ఆ స్తూపమునకు ఏమి గతి పట్టెను? రాళ్లును ఇటుకలును కట్టడములకు తరలిపోయినవి. మిగిలిన మంచి ఫలకములు మద్రాసు మ్యూజియము చేరినవి. ఏటి ఆవలి అమరావతిలోను ఇంతే. 1797లో మెకంజీ దొర చూచునాటికే ఆ స్తూపపు రాళ్లు కట్టడములకు పోవుచుండెను. కొన్ని చలువరాళ్లు సున్నపు బట్టీలలో కాలిపోయినవి. రాఫెల్ ఏ బట్టీలను చూచి వాపోయెనో అవి మన కృష్ణాతీరమున కూడ మండినవి. భేద మొక్కటే. అక్కడ ఒక చిత్రకారుడు పాలకునికి లేఖ వ్రాసెను. ఇక్కడ మన పక్షమున లేఖ వ్రాసినవారు లేకపోయిరి.

ఇదంతయు మా మిత్రులకు చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే ఈ పాఠం తరగతిలో కాదండీ చెప్పవలసింది" అనిరి. మరుసటి శనివారము మధ్యాహ్నము ఆయన తమ తరగతిని ధనంబోడునకు నడిపించుకొని పోయిరి. నేనును వెంట వెళ్లితిని. ఎండ తగ్గియుండెను. ప్రశ్న అడిగిన బాలుడు అందఱికంటె ముందు గుట్ట యెక్కెను. శాసనమునకు వ్రాసి తెచ్చిన తెలుగు అర్థమును నేను వానిచేతనే పైకి చదివించితిని. సిద్ధార్థుడను పేరువద్ద వాడు ఆగి, "ఈయన మన ఊరి వాడేనా మాస్టారూ?" అని అడిగెను.

వేఱే ఊరివాడే, కాని మన ఊరికి వచ్చి పనిచేసెనని చెప్పితిని. వాడు తన నోటు పుస్తకములో ఆ పేరు వ్రాసికొనెను.